ఏమీ కలపని పెట్టె

పేరుకి పడవ, మా వూచ్ నగరం.
కంటికి కనబడే నది లేదు.
నేనూ అంతే, పేరుకి చెవులున్నాయి.
ముప్ఫై ఒక్క ఏళ్ళు మగ్గాల హాల్లో నిలబడి
పై స్వరాలన్నీ అక్కడే వదిలేసి వచ్చాను.

అందుకే నవ్వాడు తీతుస్,
"మంచి ప్రీయాంప్ కావాలి,
ఏడొందల జ్లోటీలు దాటకూడదు" అన్నప్పుడు.
నవ్వి, నాలుక కరుచుకుని, కుర్చీ తుడిచాడు.

పవర్ యాంప్ ఉంది నా దగ్గర.
రేడియో ఫ్యాక్టరీ మూసేసిన ఏడు
జీతం బకాయి కింద మా తమ్ముడికి అంటగట్టినది.
దున్నపోతు బలం దానిది.
పగ్గం లేదు.
పగ్గం కోసమే వచ్చాను ఇంత మంచులో.

మొదటిదానికి బంగారు ముఖం,
అద్దం వెనక రెండు సూదులు
జీతాల రాత్రి మగాళ్ళలా తూలుతున్నాయి.
ధర విని చూపు తిప్పుకున్నాను.
రెండోదానికి రిమోట్.
"కూర్చున్న చోటినుంచే తగ్గించుకోవచ్చు."
లేచి నాలుగడుగులు వేయడానికి
నా మోకాళ్ళు ఇంకా ఏమీ అడగట్లేదు, నాయనా,
దానికి మూడొందలు ఎక్కువా?
మూడోది వాల్వులది.
గాజులో నారింజ వెలుగు, చలిలో చేతులు కాచుకోవాలనిపించేలా.

అప్పుడు తీశాను సంచిలోంచి క్యాసెట్టు.
మిల్లు క్యాంటీన్‌లో ఇరవైరెండుమంది ఆడవాళ్ళ బృందగానం.
వెనక వరసలో నాలుగోదాన్ని నేను.
వాల్వుల పెట్టె ప్రతి గొంతుకీ తేనె పూసింది.
బాగుంది, తియ్యగా ఉంది,
కానీ జెనోవెఫా గొంతు తేనె కాదు.
గోనెపట్టా.
ఆ గరుకు లేకపోతే అది ఎవరో.

నా పరీక్ష వేరు.
పాట ఆపేసి, నాబ్ చివరిదాకా తిప్పి
స్పీకరుకి చెవి ఆనిస్తాను.
ఇసక జారుతోందా, ఈగ ముసురుతోందా?
తర్వాత అట్టడుగుకి తగ్గిస్తాను,
గోడవతల ఓల్షెవ్‌స్కీ వాళ్ళ పసిబిడ్డ లేవనంతగా.
నేను వినేది రాత్రి పదకొండుకి, ఆ అడుగు మెట్టులోనే.
చాలా పెట్టెలు అక్కడే జారిపడ్డాయి:
ఎడమ గొంతు ముందే చచ్చిపోతుంది,
కుడిది ఒంటరిగా పాడుకుంటుంది.

"ఆ బల్లకింద బూడిదరంగుది ఏమిటి?"
"అదా, నేను కట్టుకున్నది. అమ్మకానికి కాదు."
"ఎంత?"
"ఆరొందల నలభై."
అమ్మనన్నవాడు అంత తొందరగా ధర చెప్పడు.

పేరు లేదు. నాలుగు మరలు నాలుగు రకాలు.
నాబ్ కొంచెం వదులు.
చివరిదాకా తిప్పాను: ఏమీ లేదు.
తగ్గించాను, ఇంకా తగ్గించాను:
రెండు చెవుల మధ్య దారం తెగలేదు.

పాటకి ముందు
ఇరవైరెండుమందీ ఒక్కసారి ఊపిరి పీల్చారు.
ఇన్నేళ్ళలో ఆ ఊపిరి నాకు వినబడలేదు.
దాని వెనక, దూరంగా, ఒక గుర్రు.
తీతుస్ ముఖం మాడింది. "ఎర్త్ వైరు ఊడినట్టుంది" అని
బల్లకిందికి దూరాడు.
"వద్దు బాబూ, లే.
అది కరెంటు కాదు.
గోడవతల మూడో షిఫ్టు.
అది మేమే."

ఏమీ కలపనిదానికి ఇంత డబ్బా అని
దారిలో ట్రామ్‌లో లెక్కపెట్టుకున్నాను, ఒళ్ళో పెట్టె.
అయినా పాలమనిషికి మనం ఇచ్చేదీ దానికేగా,
నీళ్ళు కలపకపోవడానికి.

మిగిలిన అరవైతో మంచి తీగలు కొనమన్నాడు.
వెన్న కొన్నాను, రొట్టె కొన్నాను.

రాత్రి పదకొండుకి నాబ్ మొదటి గీత దాటలేదు.
గోడవతల బిడ్డ లేవలేదు.
నా వంతు వచ్చినప్పుడు
చప్పుడు చేయకుండా పెదాలు కదిపాను.
మగ్గాల మధ్య
మేం మాట్లాడుకున్నది ఎప్పుడూ అలాగే.